తడవని ఈకలు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా నా నోట్లో మిగిలిన ఆ ఒక్క పన్నూ ఇప్పుడే ఊడిపోవాలి!

నాంచారమ్మ అనే బాతు మడుగు మూల ఈత బడి నడిపేది. చోటు అడవి పంచాయతీది, బడి ఆమెది. పిల్లలకు ఈత వచ్చిందని తనిఖీలో తేలితేనే మరుసటి ఏడు అనుమతి, లేకపోతే తాళం. ఒకప్పుడు ఆమె పిలిస్తే ఏరు ఆగి వినేది. తనిఖీలకు జవాబులు చెప్పీ చెప్పీ ఆ గొంతు చీమకైనా వినపడనంతగా అరిగిపోయింది.

ఈ ఏడు తనిఖీకి కోతి వచ్చింది. నీళ్లంటే భయం కనుక గట్టునే కూర్చుని, అప్పుడే ఈదొచ్చిన పిల్లల ఈకలు తడిమింది.

"పొడిగా ఉన్నాయేంటమ్మా? వీళ్లను నీళ్లలో దించనేలేదు! అవతలి గట్టున కోడి బడి పిల్లల్ని చూడు, ఎంత ముద్దగా తడిశారో!"

"బాతు ఈకకు నీరంటదు బాబూ," అంది నాంచారమ్మ, నిరుడు చెప్పినట్టే.

"సాకులొద్దు. సాయంత్రానికి తడిసి కనబడాలి. లేదా బడి మూత."

కోడి జాలిపడి వచ్చింది. "కుంకుడురసంతో రుద్దు వదినా. జిడ్డు పోతే తడుస్తారు."

"తడుస్తారు వదినా. ఆ తర్వాత మునుగుతారు."

నాంచారమ్మ బడి బోర్డు పీకి కోతి ఒళ్లో పెట్టి, మడుగులోకి దిగింది. పిల్లలంతా గునగునా వెనకే దిగి, బారులు తీరి ఈదారు.

కోతి గట్టు మీద గంతులేసింది. "ఆగండి! అనుమతి లేకుండా ఈత రాకూడదు!"

ఆ కేక ఏడు అడవుల అవతలికి వినబడింది. నాంచారమ్మ మాత్రం ఈసారి జవాబు చెప్పలేదు.

విన్నావుగా, ఇక లేచి డాబా మీది వడియాలు ఎత్తుకురా, మబ్బు పట్టింది.