ఆరని అలలు

అంటుకుపోయిన పేజీలు రెండూ ఎంతకీ విడి రావడం లేదు. కోడలు హెయిర్ డ్రయ్యర్ పట్టి చూసింది. గోటితో గీకి చూసింది. చివరికి వెన్న రాసే చాకు మొన దూర్చి చూసింది. బైబిల్ కాగితం ఉల్లిపొరలా ఉంటుంది, కాస్త గట్టిగా లాగితే చిరిగి చేతికొస్తుంది.

నిన్న సాయంత్రం రంగులు వేసినంతసేపూ ఆమెకు ఒళ్ళు తెలియలేదు. బైబిల్ పేజీల మీద బొమ్మలు వెయ్యడం నేర్పే క్లాసులో ఇన్నాళ్ళూ విడి కాగితాల మీదే వేసింది, సొంత బైబిల్లో వెయ్యడం ఇదే మొదలు. పేజీకి తెల్లపూత పూసి, టిష్యూ కాగితం చింపి అలల్లా అతికించి, పైన నీలాలన్నీ కలిపి పట్టించింది. అంచుల్లో ఆగాల్సిన అలలు అక్షరాల మీదికి ఎక్కేశాయి. ఎక్కితే ఎక్కాయిలే, నా బైబిలే కదా అనుకుని, జిగురు పూర్తిగా ఆరకముందే మూసి పెట్టేసింది.

తీరా పొద్దున ముందు పేజీ తిప్పితే, వరసల మధ్య సన్నటి పెన్సిల్ గీతలు కనిపించాయి. ఊపిరి తీసుకోవాల్సిన చోటల్లా నిలువు గీత పెట్టుకునే అలవాటు ఆ ఇంట్లో ఒక్కరికే ఉంది.

అది అత్తగారి బైబిల్. ఇవాళ చర్చిలో అందరి ముందూ వాక్యం చదవబోయేది అత్తగారే. చదవాల్సింది సరిగ్గా రంగు పట్టించిన ఆ పేజీయే. సముద్రం మీద తుపాను ఆగిపోయే ఆ భాగాన్ని ఆవిడ వారం నుంచీ గది తలుపు వేసుకుని బిగ్గరగా సాధన చేస్తోంది. అది వినీ వినీ కోడలి చేతులు ఊరుకోలేదు. బొమ్మ వేస్తే ఆ తుపానే వెయ్యాలనిపించింది.

"ఏవండీ, నా బైబిల్ ఎక్కడుంది?"

భర్త చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. "నీ చేతిలోనే ఉందిగా."

"ఇది అత్తయ్యది!"

"ఏమో, రెండూ ఒకేలా ఉంటాయి. ఒకే కొట్లో ఒకేసారి కొన్నాను."

"అదే కదా మీరు చేసిన ఘనకార్యం! ఒకటి ఎర్ర అట్టది తెస్తే మీ సొమ్మేం పోయేది?"

"అంత కంగారెందుకు? నీది ఆవిడకి ఇచ్చెయ్. లోపల ఉండేది అదే కదా."

ఆయన పనికొచ్చే మాట చెప్పడం అరుదు. ఇవాళ చెప్పాడు. పెద్ద అక్షరాల బైబిళ్ళు ఆ చుట్టుపక్కల ఈ రెండే. మామూలు అచ్చు అత్తగారి కంటికి ఆనదు. ఇది ఇక్కడికి వచ్చిందంటే, తనది ఆవిడ గదిలోనే ఉండి తీరాలి.

స్నానాల గదిలోంచి ఇంకా నీళ్ళ చప్పుడు వస్తోంది. కోడలు పిల్లిలా అత్తగారి గదిలోకి దూరింది. దిండు కింద లేదు. కిటికీ గూట్లో లేదు. మంచం కింద పాత చెప్పులు తప్ప ఏమీ లేవు. చర్చికి పట్టుకెళ్ళే సంచిలో కళ్ళజోడు, రుమాలు, దగ్గు బిళ్ళలు ఉన్నాయి గానీ బైబిల్ మాత్రం లేదు. బీరువాకి తాళం వేసి ఉంది.

అత్తగారిని చదవమని అడగడం ఇదే మొదటిసారి. ఇన్నేళ్ళూ వెనక వరసలో కూర్చుని, చదివేవాళ్ళు ఎక్కడ తడబడ్డారో ఇంటికొచ్చి చెప్పిన మనిషి. ఇవాళ తనే తడబడితే తల ఎత్తుకోగలదా? కోడలికి ఏడుపొచ్చేసింది. దేవుడి మాట మీద రంగులేంటే, నీకు ఇంట్లో గోడలు చాల్లేదా అని ఆవిడ మొదట్లోనే మొత్తుకుంది. వింటేగా!

నీళ్ళ చప్పుడు ఆగింది. కోడలు గుమ్మం వైపు తిరిగేసరికి అత్తగారు ఎదురుగా నిలబడి ఉంది.

"ఏంటే, నా గదిలో ఏం వెతుకుతున్నావు?"

"ఏం లేదత్తయ్యా... దుమ్ము దులుపుదామని..."

"ఉత్త చేతుల్తోనా?"

కోడలు ఇంక ఆగలేకపోయింది. "నన్ను తిట్టండి, కొట్టండి, ఏమైనా చెయ్యండి. మీ బైబిల్ పాడు చేశానత్తయ్యా. నాదే అనుకున్నాను. మీరివాళ చదివే పేజీ మొత్తం రంగు అయిపోయింది. నాది ఇద్దామంటే ఎక్కడుందో కనిపించి చావడం లేదు!"

అత్తగారు పుస్తకం అందుకుని వెలుతురుకేసి పట్టి చూసింది. ఉబ్బిన పేజీల అంచు మీద బొటనవేలు నడిపింది. ఆవిడ అరిచినా బాగుండును. ఆ నెమ్మదే కోడలిని చంపేస్తోంది.

"జిగురు ఎక్కువ పెట్టావు," అంది అత్తగారు.

"చర్చిలో ఏం చేస్తారు ఇప్పుడు?"

"ఏం చెయ్యడానికేముంది? పాఠం నోటికొచ్చు."

"మొత్తమా?"

"మరి వారం నుంచీ తలుపేసుకుని ఏం చేస్తున్నాననుకున్నావు?"

"చూసి చదివేదాన్ని నోటికెందుకు పట్టారత్తయ్యా?"

అత్తగారు గుమ్మంలోంచి తొంగి చూసి, కొడుకు ఇటు రావడం లేదని రూఢి చేసుకుని, తలుపు దగ్గరగా వేసింది. బీరువా తాళం తీసి, బట్టల మడతల అడుగు నుంచి ఒక బైబిల్ బయటికి లాగింది. సగం పేజీలు ఒకదానికొకటి అతుక్కుని చెక్కలా బిగుసుకుపోయాయి. అంచుల నిండా ఎరుపూ పసుపూ కారి గడ్డకట్టి ఉన్నాయి.

"నువ్వు క్లాసుకెళ్ళినప్పుడు ఊరికే ఒక్క పువ్వు వేసి చూద్దామనుకున్నానే," అంది గొంతు బాగా తగ్గించి. "ఇది నీది. నీ కంట పడితే పరువు పోతుందని, నాది తెచ్చి నీ బల్ల మీద పెట్టాను."