సగం బోలు గిటారు

గిటారు ఇంకా బెంగళూరు దాటకముందే సులోచనమ్మ ఏడుపు మొదలుపెట్టింది.

"దుడ్లు పోయె. ఆ పెట్టెలో ఇటుకరాళ్ళు వస్తాయి, చూస్తాండు. చౌడమ్మ కొడుక్కి సెల్‌ఫోనని చెప్పి సబ్బుబిళ్ళ ఇయ్యలేదా?"

"వాడు రోడ్డులో కొన్నాడమ్మా. నేను ఇంటర్‌నెట్‌లో కొన్నాను," అన్నాడు కొడుకు చిన్మయ్.

"రోడ్డులో అయితే ఇచ్చినోడి మొగమన్నా చూసుంటాడు. నువ్వు ఎవురి మొగం చూసినావురా?"

చిన్మయ్ చేసిందల్లా ఇంతే. చింతామణి బస్టాండు పక్కన బ్రౌజింగ్ సెంటర్లో కూర్చున్నాడు. ఉన్నవాటిలో చవకైన గిటారు బొమ్మ చూశాడు. బ్యాంకులో డీడీ తీసి పోస్టులో పంపాడు. చూసిన మొహం ఒక్కటే, బ్యాంకు గుమాస్తాది.

చిక్కబళ్ళాపురం గిరీశ్ తన ఆర్కెస్ట్రాలో చోటిస్తానన్నాడు. వినాయకుడి పందిళ్ళు మొదలయ్యేలోగా సొంత ఎలక్ట్రిక్ గిటారుతో రావాలి. లేదంటే ఆ చోటు బాగేపల్లి అబ్బాయికి పోతుంది. అది పోతే చిన్మయ్, తండ్రి కోదండరామ నడిపే బెల్లం అంగడిలో కూర్చోవాలి. అక్కడ ఒకసారి కూర్చుంటే మళ్ళీ లేవడం ఉండదని వాడికి తెలుసు. తండ్రిని చూస్తూనే పెరిగాడు.

'కరెంటు గిటారు' అన్న మాట విన్నప్పటినుంచి సులోచనమ్మకు ముద్ద దిగడం లేదు.

"ఒళ్ళో పెట్టుకొనేదానికి కరెంటెందుకురా? వానాకాలం వేరే."

"షాక్ కొట్టదమ్మా. ఇది సగం బోలు. నడుమ గట్టి కొయ్య, రెండుపక్కలా ఖాళీ. కరెంటు పోయినా కొంచెం వినిపిస్తాది. మన ఊరికి ఇదే సరి."

"ఖాళీనా? ఖాళీ ఎందుకు పెట్టినారు? గంధపుచెక్కలు దాచి పంపేదానికా? పోలీసులొస్తే కంపెనీవాణ్ణి పట్టుకొంటారా, నిన్ను పట్టుకొంటారా? ఏమండి, మీరన్నా చెప్పండి!"

కోదండరామ పేపరు దించలేదు. "పట్టుకోనీ. స్టేషన్లో అన్నా పొద్దున్నే లేస్తాడు."

పార్సిలు వచ్చింది. ఇటుకరాళ్ళు లేవు. దానిమ్మగింజ రంగులో గిటారు నిగనిగలాడుతోంది. తీగలకు రెండువైపులా వంకర తిరిగిన రెండు సందులు.

సులోచనమ్మ ఒకదానిలో వేలు పెట్టి చూసింది. "అయ్యో! బొక్కలు పడిన సరుకు పంపినారు గదరా!"

"అవి ఉండాల్సినవేనమ్మా!"

చిన్మయ్ చెయ్యి చాపాడు. తల్లి ఆ చేతిమీద ఒక్కటిచ్చింది. కొత్త వస్తువేదైనా దేవుడి ముందు పెట్టకుండా ఆ ఇంట్లో ఎవరూ ముట్టరు. మిక్సీ అయినా సరే, కోటవీధి పిళ్ళప్ప మంత్రించిన విభూది పడ్డాకే మొదటి చట్నీ రుబ్బింది. జ్వరానికీ, దిష్టికీ, ఎస్సెస్సెల్సీ లెక్కల పరీక్షకూ పిళ్ళప్పే దిక్కు.

సులోచనమ్మ చేతుల్లో గిటారు దేవుడింట్లోకి వెళ్ళింది. తలుపు మూసుకుంది. రాహుకాలం పోయాక, మూడు విభూది గీతలతో, కుంకుమ బొట్టుతో బయటికి వచ్చింది.

ఆలోగా చిన్మయ్ ఒక పాత ఆంప్లిఫయరు అడిగి తెచ్చుకున్నాడు. వైరు తగిలించాడు. సులోచనమ్మ రబ్బరు చెప్పులు వేసుకుని, మెయిన్ స్విచ్చి కింద నిలబడింది.

వాడు మొదటి తీగ మీటాడు. తీగతోపాటు లోపల ఇంకేదో లొటలొటమంది. రెండో తీగకూ అంతే. పైకెత్తి ఊపితే ఆ చప్పుడు ఈ కొసనుంచి ఆ కొసకు జారింది.

"లోపల నట్టు ఊడుండాది," అన్నాడు వాడు.

టార్చి వేసి చూశాడు. ఏమీ కనపడలేదు. విప్పితే వారంటీ పోతుంది.

"చెప్తిని గదరా, మోసమని!" అంది సులోచనమ్మ. భయపడినది జరిగినందుకు ఆమెకు దుఃఖమూ కలిగింది, ఒకింత నెమ్మదీ కలిగింది.

కంపెనీకి ఫోను చేస్తే, "వాయించి చూసే పంపాం సార్," అన్నారు. అయినా దాన్ని వాపసు తీసుకుని, మరొకటి పంపారు.

మళ్ళీ దేవుడిల్లు. మళ్ళీ విభూది. మళ్ళీ లొటలొట.

ఈసారి కంపెనీవాడికి ఓపిక నశించింది. "సార్, దేశమంతా పంపుతున్నాం. ఈ చప్పుడు ఒక్క మీ చింతామణిలోనే వస్తోంది."

చిన్మయ్ ఫోను పెట్టేసి పళ్ళు నూరాడు. "చిన్న ఊరోళ్ళమని చెడిన సరుకంతా మనకే తోస్తాండారు!"

బతిమాలితే ఇంకొక్కటి పంపడానికి ఒప్పుకున్నారు. అదే ఆఖరుదన్నారు.

గిరీశ్ కూడా ఫోను చేశాడు. "ఎల్లుండే చవితి. బాగేపల్లోడు గిటారేకాదు, జిగజిగ చొక్కా కూడా కుట్టించుకొనుండాడు. నీది రేపు వస్తే సరి. లేకుంటే నన్ను తిట్టుకోవద్దు, చిన్నూ."

కోదండరామ అంగడిలో తన పరుపు పక్కన ఇంకో పరుపు దులిపి వేయించాడు.

ఆ మధ్యాహ్నం చిన్మయ్ అన్నం ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. సులోచనమ్మ కంచం పట్టుకుని చాలాసేపు నిలబడింది. జీవితంలో మొదటిసారి ఆమెకు ఒక కరెంటు వస్తువు బాగా పనిచెయ్యాలనిపించింది. షాకు సంగతి తరవాత. పిల్లోడు ముందు నవ్వాలి.

కంచం మూతపెట్టి, కొంగు భుజంమీదుగా కప్పుకుని, వాన తుంపరలోనే కోటవీధికి నడిచింది.

పిళ్ళప్ప అరుగుమీద కూర్చుని రాగిరేకు చుడుతున్నాడు. "ఏమమ్మా, మళ్ళీనా?" అన్నాడు తలెత్తి.

"నువ్విచ్చిన తాయెత్తులు రెండు గిటార్లలోనూ ఆ బొక్కలోంచి లోపలికేస్తిని పిళ్ళప్పా, చిన్నవేమో ఆ మోసగాళ్ళ ముందర పనిచెయ్యలేదు, రేపొచ్చేదానికి ఇంకొంచెం పెద్దది చేసియ్యప్పా!"