గింజ తీసే మిషను

"మా నాన్న ఒప్పుకుంటే మిషను ఉంటుంది. లేదంటే మిషనూ ఖలాస్, నువ్వూ ఖలాస్," అన్నాడు బాఖర్.

హిద్ అనే అరబ్బుల ఊళ్లో ఖర్జూరాలను డబ్బాలకెత్తే ఫ్యాక్టరీ బాఖర్‌దే. పెత్తనం మాత్రం తండ్రి హాజీ గారిది. ఇంజినీరు అమ్మిరాజు నుదురు తుడుచుకుని స్విచ్చి నొక్కాడు.

ఆ మిషను సంగతి చెబితే నమ్మరు గానీ, చెప్పక తప్పదు. ఇటు గంప కుమ్మరిస్తే అటు గింజలు వడగళ్లలా రాలేవి. ఈగ వాలి లేచేలోగా గంప ఖాళీ. తన గింజ పోయిన సంగతి పండుకే తెలిసేది కాదు. తొంభై రెండో సంవత్సరం దాకా ఆ పని కత్తులతో చేసి బొటనవేళ్లు కోసుకున్న మన తెలుగు ఆడవాళ్లు, ఇప్పుడు హాయిగా డబ్బాలకు మూతలు బిగిస్తూ, శుక్రవారం శుక్రవారం మిషనుకు బొట్టు పెట్టేవారు.

హాజీ గారికి నోట్లో పన్ను లేదు, కళ్లూ అంతంతమాత్రమే. ఖర్జూరాన్ని బుగ్గన పెట్టి చప్పరించి, గింజను అరచేతిలోకి ఊసుకుని, వేలితో నిమిరి చూస్తారు. నచ్చితే గలాలీలోని తోటలో నాటిస్తారు. అది ఆయన అలవాటు.

ఆ రోజూ ఫ్యాక్టరీకొచ్చి, మిషనులోంచి వచ్చిన పండు బుగ్గన పెట్టారు. చప్పరించారు. అరచెయ్యి నోటి దగ్గర పట్టారు. గింజ రాలేదు. నాలుకతో నోరంతా గాలించారు. ఇంకా రాలేదు.

"దీన్ని నాకంటే ముందు ఎవడు తిన్నాడు?" అన్నారు.

బాఖర్ మిషను గొప్ప ఎంత చెప్పినా వినలేదు. ఎంగిలి పండు అమ్ముకునే వంశం కాదు మనది అని కర్ర టకటకలాడించుకుంటూ వెళ్లిపోయారు. బాఖర్ అమ్మిరాజు ముఖం చూసి జాలిపడి, మర్నాటి దాకా గడువిచ్చాడు. ఆపైన ఇంటికి విమానమే.

మూతలు బిగించే లోవమ్మకు నవ్వాగలేదు. "ఇంత రభస దేనికండీ ఇంజినీరు గారూ? పీకిన గింజలు మళ్లీ పెట్టేయండి, ముసలాయన కుదుటపడతాడు."

అమ్మిరాజూ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి, మిషను వైపు చూశాడు.

మర్నాటికి మిషనుకు కొంగముక్కులాంటి కొత్త చెయ్యి మొలిచింది. సూది గింజను తోసేస్తుంది. పండు నోరు మూసుకునేలోపే ముక్కు వచ్చి, పొట్టు తీసిన బాదంపప్పు పెట్టేస్తుంది. బాఖర్ ఒకటి తిని కళ్లు మూసుకున్నాడు. రెండోది తిన్నాక అమ్మిరాజును కౌగిలించుకున్నాడు. ఇలాంటి పండు రాజుల ఇళ్లలో కూడా ఉండదన్నాడు. అయితే బాదం సంగతి తండ్రికి చెప్పే ధైర్యం మాత్రం అతనికి లేకపోయింది.

హాజీ గారు పండు బుగ్గన పెట్టారు. లోవమ్మ చేతిలో మూత చేతిలోనే ఉండిపోయింది. ఆయన చప్పరించి చప్పరించి, అరచేతిలోకి ఊశారు. పడిన దాన్ని నిమిరారు. వెలుతురుకెత్తి అటూ ఇటూ తిప్పారు. అమ్మిరాజు చెవుల్లో విమానం మోగింది.

హాజీ గారి ముఖం విప్పారింది. బాదంపప్పును భద్రంగా కొడుకు చేతిలో పెట్టారు.

"మిషను ఉండనీ. ఇంత తెల్లటి ఖర్జూరం గింజ నా జన్మలో చూడలేదు. దీన్ని గలాలీ తోటలో నాటించు."