కిటికీ కింద

ఫిట్టర్ అద్దెకు దిగిన గదికి ఒకటే కిటికీ.

వీధి చెత్తంతా ఆ కిటికీ కిందే.

ఉల్లిపొట్టు, గుడ్డు పెంకులు, వాడేసిన టీ పొడి, పసిపిల్లల డైపర్లు. పక్క మేడల మీద నుంచి పడేవి కొన్ని. నడిచొచ్చి పెట్టిపోయేవి కొన్ని. ఎవరు వేశారని అడిగితే వీధి వీధంతా ఆకాశంలోకి చూసేది.

ఫిట్టర్ భార్యకు ఉబ్బసం. గాలి ఆడే గదిలో ఉంచమన్నాడు డాక్టరు. కిటికీ తెరిస్తే కంపు, మూస్తే ఆయాసం.

ఇంటి ఓనరుకు ఫోన్ చేశాడు.

"చెత్త ఇంట్లోకి రాలేదుగా?" అన్నాడు ఓనరు.

"రాలేదు."

"మరింకేం. గోడ ఇవతలే నాది, అవతల నాకేం సంబంధం? అద్దెకుండేవాళ్ళు కాస్త సర్దుకోవాలి."

ఇక్కడ చెత్త వేయరాదని ఒక అట్ట ముక్క మీద రాసి గోడకు తగిలించాడు. సాయంత్రానికి ఆ అట్ట కూడా కుప్పలోనే ఉంది.

"నువ్వు డ్యూటీకెళ్ళగానే ఎవరో కిటికీ కింద కెలుకుతున్నారు," అంది భార్య. "రోజూ కవరు చప్పుడు వినిపిస్తోంది."

"లేచి చూడలేకపోయావా?"

"లేచే ఓపికుంటే నీకెందుకు చెప్తాను? నేనే వెళ్ళి నాలుగు దులిపేదాన్ని."

మర్నాడు ఫిట్టర్ డ్యూటీకి పోలేదు. రోజూలాగే డబ్బా పట్టుకుని బయల్దేరి, సందు మలుపులో స్తంభం వెనక నిలబడ్డాడు.

తెల్లవారుతుండగా వచ్చినవాడు దర్జీ.

వీధి చివర కొట్లో మిషను పెట్టుకుని ఒక్కడే ఉంటాడు. ఎవరితోనూ మాటల్లేవు. కొలతలు కూడా పెదవుల్లోనే గొణుక్కుంటాడు.

ఫిట్టర్ దగ్గరికి వెళ్ళేసరికి కిటికీ కింద వంగి ఉన్నాడు. చేతిలో చెత్తతో నిండిన కవరు. కవరు మీద దర్జీ కొట్టు పేరే అచ్చువేసి ఉంది.

ఫిట్టర్ అతని కాలరు పట్టుకున్నాడు.

"దొరికావు."

"అది కాదు బాబూ..."

"ఈ కవరెవరిది?"

"నాదే. కానీ..."

"దీని మీద పేరెవరిది?"

"నా కొట్టుదే."

"మరి లోపలి చెత్త మాత్రం మా తాతదా?"

మేడల మీద తలుపులు తెరుచుకున్నాయి. పక్క మేడమీది పిన్నిగారు గబగబా దిగి వచ్చింది. రిటైరైన గుమాస్తాగారు నోట్లో బ్రష్షు నోట్లోనే ఉండగా వచ్చారు.

దర్జీ వాళ్ళ మొహాలకేసి చూశాడు.

"పిన్నిగారూ, మీరైనా చెప్పండమ్మా," అన్నాడు మెల్లగా.

"మీ గొడవలోకి నన్నెందుకు లాగుతావయ్యా," అంది పిన్నిగారు. "జబ్బుమనిషి ఉన్న ఇల్లు. నీకు మనసెలా ఒప్పింది?"

గుమాస్తాగారు నురగ కిటికీ కిందే ఉమ్మారు.

"ఒంటిగాళ్ళతో ఇదే బాధ. శుభ్రం తెలీదు," అన్నారు.



ఫిట్టర్ ఆ కవరు లాక్కుని వీధి చివరిదాకా వెళ్ళి, కుట్టు మిషను మీద బోర్లించాడు. మిషను మీద ఎవరిదో సగం కుట్టిన తెల్ల చొక్కా ఉంది. దర్జీ దాని మీది టీ పొడి దులుపుతూ నిలబడ్డాడు. ఫిట్టర్ వైపు తలెత్తలేదు.

బట్టలిచ్చినవాళ్ళు ఆ పూటే వచ్చి వెనక్కి తీసుకున్నారు. కొత్తవి ఎవరూ ఇవ్వలేదు. కొన్నాళ్ళకు దర్జీ మిషనును బండికెత్తించుకుని ఎటో వెళ్ళిపోయాడు. ఎటని అడిగినవాళ్ళు లేరు.

"పీడ విరగడైంది," అన్నాడు ఫిట్టర్ భార్యతో, కిటికీ బార్లా తెరుస్తూ.

ఆ ముచ్చట ఎన్నాళ్ళో లేదు.

ఎప్పుడూ మోకాలెత్తు దాటని కుప్ప కిటికీ అంచుకు వచ్చింది. ఈగలు గదిలోనే కాపురం పెట్టాయి. భార్యకు పడుకుంటే ఊపిరి ఆడడం లేదు. గోడకు ఆనుకుని కూర్చునే కునికిపాట్లు పడుతోంది.

ఒక సెలవునాడు ఫిట్టర్ కళ్ళముందే మేడ మీద నుంచి బకెట్టు చెత్త కిందపడింది.

"పిన్నిగారూ, ఏమిటిది?"

పిన్నిగారు పిట్టగోడ మీంచి చూసింది. దాక్కోలేదు కూడా.

"చెత్త. ఇవాళ కొత్తగా వేస్తున్నామా?"

"అంటే... ఆ దర్జీ?"

"ఒక్క ప్రాణికి ఎంత చెత్త ఉంటుందోయ్. మేమందరం వేస్తే ఆయన పొద్దున్నే ఎత్తి మునిసిపాలిటీ లారీ దగ్గరికి మోసేవాడు. నువ్వేగా తరిమేశావు. ఇంక నువ్వే ఎత్తుకో."



"ఆ రోజు ఒక్క ముక్క చెప్పకపోయారా?"

"నువ్వు నన్ను అడిగావా?"

గదిలోంచి దగ్గు వినిపించింది. ఆగేలా లేదు.

"మా కిటికీ కింద ఎత్తాల్సిన ఖర్మ ఆయనకేం పట్టిందండీ?"

పిన్నిగారు అడుగున అంటుకున్నది కూడా రాలేలా బకెట్టును గోడకేసి తట్టింది.

"ఓనరు నీతో చెప్పలేదూ, మీకంటే ముందు ఆ గదిలో కాపురమున్నది దర్జీ వాళ్ళే, వాళ్ళావిడదీ మీ ఆవిడ జబ్బే, ఈ చెత్త కంపుకే పోయింది పాపం."