తుమ్మే బల్ల

వెండి గ్లాసుల మీద నగిషీ చెక్కే పని వెంట తెచ్చుకుని అక్కవాళ్ళింటికి వచ్చాను. రాగానే, చెక్కడానికి కదలని బల్ల లేదని ఇల్లంతా గోల చేశాను. భోజనాల బల్ల ఊగుతోంది, ఇస్త్రీ బల్ల వణుకుతోంది.

"ఉలి వెంట్రుకవాసి జారినా గ్లాసు పాడైపోతుంది మామయ్యగారూ!"

అక్క మామగారికి మోకాలి ఆపరేషనై వారం కాలేదు. అయినా చేతికర్రతో కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నారు. కుట్లు ఊడిపోతాయని డాక్టరు బెదిరించినా, కూర్చోమని అక్క బతిమాలినా చెవిన పెట్టలేదు.

"నా చక్రాల కుర్చీకి ముందు పలక ఉందిగా. పనికొస్తుందా?" అన్నారు.

"ఖాళీ కుర్చీ కదిలిపోతుందండీ. బరువుండాలి."

ఆయన వెళ్ళి కుర్చీలో కూలబడి, బ్రేకులు బిగించారు. "ఇదిగో బరువు. కానియ్యి!"

ఇక రోజూ పొద్దున కూర్చుంటే భోజనానికే లేచేవారు. ఊపిరి కూడా నెమ్మదిగా పీల్చేవారు. "తుమ్మొస్తోంది, ఉలి ఎత్తు!" అని ముందే కేకేసేవారు.

కుట్లు విప్పారు. నేను ఊరికి బయల్దేరాను. ఆయన గుమ్మం దాకా వచ్చారు.

"బీరువా వెనక నీ మడతబల్ల మర్చిపోయావమ్మాయ్."

అక్కా నేనూ కలిసి దాచిన బల్ల! "ఎప్పుడు చూశారు?"

"నువ్వొచ్చిన రోజే. ఇల్లంతా తిరిగేవాణ్ణి, నాకు కనపడదా?"

"మరి చెప్పలేదేం?"

"అందరూ నన్ను కూర్చోమన్నవాళ్ళే. కూర్చుంటే పనికొస్తానన్నది నువ్వొక్కదానివే."