తాళం లేని పెట్టె

"అక్కయ్యగారూ, సామాన్లగదిలో ఏమేం దాచారు?"

మేడమీద గదిలో అద్దెకు దిగిన తాళాల మనిషి ప్రశ్న విని, ఇంటావిడ చేతిలో చేట ఆగిపోయింది.

వీధి మలుపులో కూర్చుని తాళాలు బాగుచేసుకునే మనిషి. వచ్చి నెల కాలేదు, అప్పుడే ఇంటి గుట్టంతా కావాలి!

"మీకెందుకండీ?"

"వానాకాలం కదా, ఊరికే అడిగాను."

"బియ్యం, పప్పు, పిండి. ఆరు నెలల దాకా ఢోకా లేదు," అంది ఆవిడ, గొప్ప దాచుకోలేక.

"నీళ్ళొస్తే ఆ మూటలు పైకెలా ఎక్కిస్తారు?"

"శుభమా అని వానలు మొదలవుతుంటే అవేం మాటలండీ! ఇంట్లోకి నీళ్ళెందుకొస్తాయి?"

"పోనీ, పొయ్యి వెలగని రోజున ఏం తింటారు? పెద్దమ్మగారికి పళ్ళు కూడా లేవు కదా?"

"మా అత్తగారి పళ్ళ సంగతి కూడా మీకే కావాలా!"

కిటికీ దగ్గర కూర్చున్న అత్తగారు మాత్రం బోసినోటితో నవ్వింది.

"అడగనీవే! నా సంగతి అడిగేవాళ్ళెవరున్నారు? పొద్దున మాత్ర వేసుకున్నాక కడుపులో ఏదో ఒకటి పడాలి నాయనా. లేకపోతే కళ్ళు తిరిగి పడిపోతాను."

"మెత్తగా ఉంటే చాలా పెద్దమ్మగారూ?"

"చాలు నాయనా."

తాళాల మనిషి తలూపి మెట్లెక్కాడు. మర్నాడు పనినుంచి వస్తూ ఏదో పొట్లం తెచ్చాడు. ఆ మర్నాడు ఇంకోటి. అన్నీ పైన ఉన్న రేకుపెట్టెలోకి వెళ్ళాయి.

ఇంటావిడకు అన్నం సహించలేదు.

"ఏవండీ, ఆ పెట్టెలో ఏముందంటారు?"

"మన సామాన్లగదికి మారుతాళంచెవులేమో," అన్నాడు ఇంటాయన పేపరు తిప్పుతూ.

ఆయన వేళాకోళానికే అన్నాడు. ఆవిడ నిజమే అనుకుంది.

"రేపు కష్టమొస్తే మన మీద పడి తినడానికే ఈ ఆరాలన్నీ. ముందు గది ఖాళీ చేయించండి!"

ఆ ఆదివారమే తాళాల మనిషి చేతిసంచితో కిందికి దిగాడు. ముఖం చిన్నబోయి ఉంది.

"పెట్టె ఉండనివ్వండక్కయ్యగారూ. ఎప్పుడైనా పనికొస్తుంది."

ఎవరికి పనికొస్తుందో చెప్పలేదు. ఎక్కడికెళుతున్నారని వీళ్ళూ అడగలేదు.

పెట్టెలో ఏముందో చూడాలని ఆవిడ ప్రాణం కొట్టుకుపోయింది. కానీ తాళాలవాడి పెట్టె తెరవడం ఎవరి తరం? పైగా అభిమానం ఒకటి అడ్డొచ్చింది.

వానలు ముదిరాయి. ఒక పొద్దున అత్తగారు మాత్ర వేసుకుని ఫలహారం కోసం చూస్తుండగానే నీళ్ళు గడప దాటి వచ్చేశాయి. ముగ్గురూ వట్టి చేతులతో మేడెక్కారు.

కింద మూటలు నానిపోయాయి. పొయ్యి మునిగింది. వీధంతా ఏరైపోయి, పిలిస్తే పలికేవాళ్ళు లేరు.

కాసేపటికి అత్తగారికి చెమటలు పట్టాయి. తల వాలిపోయింది.

"అమ్మా! అమ్మా!" ఇంటాయన భుజం పట్టి కుదిపాడు.

ఇంటావిడ చుట్టూ చూసింది. గదిలో ఉన్నది ఆ రేకుపెట్టె ఒక్కటే. పగలగొట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని వెతికింది. తీరా వంగి చూస్తే, తాళాలవాడి పెట్టెకు తాళమే లేదు.

లోపల మంచినీళ్ళ సీసాలు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు. వాటి పక్కనే చన్నీళ్ళలో కలుపుకుంటే చాలనే జావపొడి డబ్బాలు.

డబ్బా మూతలోనే కలిపి గబగబా తాగించింది. కాసేపటికి అత్తగారు కళ్ళు తెరిచింది.

"మెత్తగా ఉందే," అంది. "ఆ అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడు?"

తమ గురించి అన్నీ అడిగి తెలుసుకున్న మనిషిని, భార్యాభర్తలు ఏ ఊరని కూడా అడగలేదు. ఆవిడకు ఏడుపు ఆగలేదు.

"ముందు మనమూ కాస్త తాగుదాం," అన్నాడు ఇంటాయన మెల్లగా.

ఆవిడ పెట్టె అడుగున తడిమింది. ఒంటరి మనిషి కదా, ఒక్క గిన్నె ఉంటే గొప్ప అనుకుంది.

గుడ్డలో చుట్టి నాలుగున్నాయి.

అత్తగారికి, ఆయనకు, తనకు తలొకటి తీశాక ఒకటి మిగిలింది. అది, కష్టమొస్తే వీళ్ళను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని తినాలనుకున్న మనిషిది.