గుండెల్లో చుట్టం

ఇంటింటికీ వైద్యం చేసే గోడలు వచ్చాక, వరహాలమ్మ వాళ్ల వీధిలో 'నొప్పి' అనే మాటే చచ్చిపోయింది. ఆ మాట చెవిన పడితే చాలు, గోడ నాడి చూసేది, వెంటనే రుసుము గుంజేది. అందుకని అందరూ నొప్పిని చుట్టమనడం మొదలెట్టారు. "మోకాలికి చుట్టమొచ్చాడు" అంటే పక్కింటివాళ్లు ఉప్పు కాపడం పెట్టుకోమనేవారు.

ఆ ఉదయం అట్టు తిరగేస్తూనే వరహాలమ్మ చెమటతో తడిసిపోయింది. ఎడమ చెయ్యి లాగేస్తోంది.

"గుండెల్లోకి చుట్టమొచ్చాడయ్యా" అంది మొగుడితో, గొంతు తగ్గించి.

సింహాద్రి చేతిలో అట్టు ముక్క పళ్లెంలో పడేశాడు. "ఆడ్ని ఇంట్లో ఉండనిస్తానేటే?" అంటూ లేచాడు. ఆవిడ అతని నోరు మూయబోయింది. ఆ చెయ్యి తోసేసి గోడకేసి అరిచాడు.

"నొప్పి! మా ఆడదానికి గుండెల్లో నొప్పి!"

గోడ వెంటనే ఓ బిళ్ల బయటికి తోసి పలికింది. "ఈ బిళ్ల నమిలించండి. బండి బయల్దేరింది. సమయానికి పిలిచారు, గండం గడిచినట్టే."

"రుసుమెంతమ్మా?" బిళ్ల నములుతూనే అడిగింది వరహాలమ్మ.

"మొన్నటి నుంచి రుసుము ఎత్తేశారు. పిలిస్తేనే పలకాలని నా నియమం. ఈ వీధిలో ఎవరూ పిలవందే ఎలా చెప్పను?"

మొగుడూ పెళ్లాలు మొహమొహాలు చూసుకున్నారు.

ఆవిడని బండెక్కిస్తుంటే పక్కింటి గౌరి నడుం పట్టుకుని పరుగున వచ్చింది. "ఏటత్తా, నీకూ చుట్టమొచ్చాడా?"

వరహాలమ్మ తల పైకెత్తి, వీధి వీధంతా వినేలా కేకేసింది.

"చుట్టం కాదే పిల్లా, నొప్పి అను! గట్టిగా అను!"